చిక్కడపల్లి చలి చాలని మొక్క

కీటకాహార మొక్కలు చెప్పమంటే అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు గడగడా చెప్పేస్తారు: నెపెంథిస్, డయోనియా. నెపెంథిస్ మన మేఘాలయలోనూ ఉంది. డయోనియా, అంటే వీనస్ ఫ్లైట్రాప్, గురించి 1760లో నార్త్ కరోలినా గవర్నర్ ఆర్థర్ డాబ్స్ లండన్‌కి ఉత్తరం రాశాడు. 1875లో డార్విన్ ఈ మొక్కల మీద పుస్తకమే వేశాడు. అందులో సింహభాగం మాత్రం డ్రోసెరా అనే మరో కీటకాహార మొక్కదే!

ఆ డ్రోసెరా జాతి మన తెలుగు నేలలోనూ ఉంది. వానలు పడ్డాక రాతినేలల పక్క తడి ఇసుకలో, రూపాయి బిళ్లంత ఎర్రటి గుత్తి. ఆకు అంచున వెంట్రుకలు, ఒక్కోదాని కొసన జిగురు బొట్టు. చీమ అంటుకుందా, వెంట్రుకలు దానిమీదికి వంగుతాయి. వేసవిని విత్తనంగా దాటేస్తుంది, చలితో పనిలేదు.

డయోనియాకి మూడు నెలల చలినిద్ర కావాలి. మా నారాయణగూడ డాబామీద సంక్రాంతి దాటితే చలెక్కడిది? కొందరు కుండీని ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన పెడుతున్నారు. పైగా బోరునీళ్లు పడవు, వాననీళ్లే పోయాలి. ఇంత తంటా నాకు నచ్చదు. ఈ వానాకాలం ఊరవతల రాళ్ల దగ్గర వంగి డ్రోసెరాని చూడండి. పీక్కుని మాత్రం రాకండి.