కీమో అయ్యాక లివర్ ఆపరేషన్‌కు అన్ని వారాలు ఎందుకు ఆపుతారు? ఆ గ్యాప్‌లో జరిగేది ఇదే!

కలికిరి: పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కు పాకిందని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట.. 'ఆపరేషన్ ఎప్పుడు సార్?' చాలామందికి డాక్టర్లు ముందు కీమో ఇస్తారు. గడ్డలు తగ్గాయి, ఇక కోయొచ్చు అన్నాక కూడా '4 నుంచి 6 వారాలు ఆగండి' అంటారు. కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో, బెంగళూరుకో తిరిగే కుటుంబాలకు ఈ మాట మింగుడుపడదు. ఈలోపు జబ్బు ముదిరితే? భయం సహజమే. కానీ ఆ గ్యాప్‌కు గట్టి కారణం ఉంది.

కోసినా లివర్ మళ్లీ పెరుగుతుందని వినే ఉంటారు. నిజమే. అయితే బల్లి తోకలా తెగిన ముక్క మళ్లీ మొలవదు. మిగిలిన భాగంలోని కణాలే విడిపోతూ, ఆ భాగమే పెద్దదవుతుంది. మొదటి ఒకటి రెండు వారాలు ఈ వేగం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో 20 నుంచి 25 శాతం మిగిలినా మనిషి తట్టుకుంటాడు. ఎక్కువ కీమో పడ్డ లివర్‌కైతే కనీసం 30 శాతం ఉండాలని సర్జన్లు లెక్క వేసుకుంటారు. సిరోసిస్ ఉంటే 40 శాతం.

ఎందుకీ తేడా? ఆక్సాలిప్లాటిన్ మందు లివర్‌లోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. రక్తం నిలిచి లివర్ నీలం రంగుకు తిరుగుతుంది. కొందరికి ప్లీహం పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఇరినోటెకాన్‌తో కొవ్వు పేరుకుని వాపు రావొచ్చు. లావుగా ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఇలా అలసిన లివర్‌ను వెంటనే కోస్తే, పెరగాల్సిన టైంలో అది పెరగలేదు. కామెర్లు, పొట్టలో నీరు, ఇన్ఫెక్షన్లు చుట్టుముడతాయి. ఆరు సైకిళ్లు దాటాక పెద్ద ఆపరేషన్ చేస్తే ఇబ్బందులు పెరుగుతున్నట్లు తేలింది. బెవాసిజుమాబ్ కొత్త రక్తనాళాలను రానివ్వదు, గాయం మానడమూ ఆలస్యమే. అందుకే దానికి కనీసం 6 వారాలు ఆపుతారు.

అలాగని కీమో వద్దనుకోవడం తప్పు. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన యూరప్ అధ్యయనంలో 364 మంది ఉన్నారు. ముందు 6, తర్వాత 6 సైకిళ్లు ఇచ్చిన గ్రూపులో ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు 25 శాతం, నేరుగా ఆపరేషన్ చేసిన గ్రూపులో 16 శాతం. అవి తేడాగా కనిపించినా తగ్గిపోయే ఇబ్బందులే. (లివర్‌లోనే పుట్టే క్యాన్సర్ సంగతి వేరు, దానికి ఈ లెక్కలు వర్తించవు.)

మిగిలే భాగం మరీ చిన్నదని సీటీ స్కాన్‌లో తేలితే ఇంకో దారి ఉంది. కోయాల్సిన వైపు వెళ్లే పోర్టల్ సిరను ముందే మూసేస్తారు. రక్తం రెండో వైపు మళ్లి, కొన్ని వారాల్లో ఆ వైపు పెరుగుతుంది. ఆ తర్వాతే కత్తి పెడతారు.

ఆపరేషన్ తర్వాత కూడా ఇదే ఓపిక కావాలి. కీమో విడిపోతున్న కణాలపైనే దాడి చేస్తుంది, లివర్ కణాలు అప్పుడు చేస్తున్నది సరిగ్గా అదే పని. అందుకే మళ్లీ కీమోకు సాధారణంగా 4 నుంచి 8 వారాలు పడుతుంది.

ఈ గ్యాప్‌లో మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు పసరు మందు. కళ్లు కాస్త పచ్చబడగానే 'కామెర్లకు ఆకు మందు తాగించండి' అని ఎవరో ఒకరు చెప్తారు. అందులో ఏముందో, ఎంత మోతాదో తెలియదు, దాన్ని వడగట్టాల్సింది ఆ దెబ్బతిన్న లివరే. మందు చుక్క అస్సలు ముట్టకూడదు. పారాసెటమాల్ కూడా డాక్టర్ చెప్పినంతే. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, మనిషి మగతగా తికమకగా మాట్లాడినా, జ్వరం తగ్గకపోయినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఒక ఊళ్లో కీమో, ఇంకో ఊళ్లో ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ఈ ప్రాంతంలో ఎక్కువే. ఏ మందు ఎక్కించారు, ఎన్ని సైకిళ్లు, చివరి డోసు తేదీ ఎప్పుడు.. ఈ మూడూ ఉన్న డిశ్చార్జ్ కాగితాల ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. సర్జన్ మొదట అడిగేది అవే.