రివెట్టు మార్చునపుడు

తూర్పు కనుమల పాదమున, విశాఖపట్నము నుండి రాయపూరు పోవు మార్గములో సాలూరు పట్టణమున్నది. లారీలకు అది పేరుపొందిన ఊరు. లారీ చట్రములోని ఉక్కు కమ్మీలను బిగించి ఉంచునదియు, వంటింటిలో సిల్వరు గిన్నెకు పిడిని పట్టి ఉంచునదియు రివెట్టే. ఒక వైపున తల గల చిన్న లోహపు కడ్డీని రెండు రేకుల రంధ్రములలో దూర్చి, రెండవ కొనను సుత్తితో కొట్టి తలగా చేయుదురు. మరవలె దీనిని త్రిప్పి తీయుటకు వీలులేదు. పిడి వదులైనచో తలను ఆకురాయితో అరగదీసి, మిగిలిన కడ్డీని వెలుపలికి తట్టి, క్రొత్తది వేయవలెను.

ఆ క్రొత్తది ఏ లోహముదై యుండవలెను? ఈ ప్రశ్నకు జవాబు మొదట సముద్రముమీద దొరికినది.

కొయ్య ఓడల అడుగుభాగమును సముద్రపు పురుగులు తొలిచివేయుచుండెను. అందుచే 1761లో బ్రిటిష్ నౌకాదళమువారు ‘అలారం’ అను యుద్ధనౌకకు రాగిరేకులు తొడిగించిరి. 1763లో పరీక్షింపగా రేకులు బాగుగనే ఉన్నవి. వానిని పట్టియుంచిన ఇనుప మేకులు మాత్రము చాలవరకు తినిపోయినవి. రేకులు చుట్టి తెచ్చిన కాగితము మేకు తల క్రింద చిక్కుకొనిన చోట్ల ఇనుము నిలిచియున్నది. రాగి తాకినచోటనే నష్టము!

1800లో వోల్టా జింకు, వెండి బిళ్ళల మధ్య ఉప్పునీటితో తడిపినవి పేర్చి విద్యుత్తును పుట్టించినట్లు ప్రకటించెను. 1824లో హంఫ్రీ డేవీ ఓడ రాగికి జింకు, ఇనుప ముక్కలు తగిలించినచో, అవి తాము క్షయించి రాగిని కాపాడునని చూపెను. వేర్వేరు లోహములు ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకినచో అదియొక చిన్న బ్యాటరీ. వానిలో చురుకైన లోహము కరగిపోవును.

సాలూరు మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో, 1898లో, ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో అల్యూమినియం పాత్రల తయారీ ప్రారంభించెను. అల్యూమినియం ఇనుము, రాగులకంటె చురుకైనది. అలారం ఓడలో మేకు పోయినది. సిల్వరు గిన్నెకు రాగి రివెట్టు వేసినచో, ఉప్పు, పులుసు తగిలి రివెట్టు చుట్టునున్న గిన్నె లోహమే తినిపోవును. రంధ్రము పెద్దదైన పిదప పిడి ఊడి, మరుగుచున్న గంజి చేతిమీద పడవచ్చును. ఇత్తడి గిన్నెకు ఇనుప రివెట్టు వేసినచో, ఓడలోవలె రివెట్టే పోవును. అందుచే సిల్వరునకు అల్యూమినియం రివెట్టు, ఉక్కునకు ఉక్కు రివెట్టు తగినవి.

విద్యార్థులు రెండు ఇనుప మేకులు తీసికొని, ఒకదానికి రాగితీగ చుట్టి, వేర్వేరు గ్లాసులలో ఉప్పునీట ఉంచి కొన్ని దినములు చూడవచ్చును. ఓడవారు చూచినది బల్లమీదనే కనబడును.