పశ్చిమ ఆఫ్రికాతో వర్తకం: చరిత్ర చెప్పే పాఠం

కాకినాడ రేవులో బియ్యం నింపుకొని బయలుదేరే ఓడలలో అనేకం పశ్చిమ ఆఫ్రికా తీరానికి చేరుతాయి. బెనిన్, సెనెగల్, టోగో వంటి దేశాలు మన బియ్యాన్ని ఏళ్ళ తరబడి కొంటున్నాయి. ఒక్క నైజీరియా జనాభాయే 20 కోట్లు దాటింది. పెరుగుతున్న ఈ మార్కెట్టులో అడుగు పెట్టాలని కోరుకునే వర్తకులు మన ప్రాంతాలలోనూ ఉన్నారు. అక్కడ ఏ సరుకు అమ్ముడుపోతుందన్నది వారు సాధారణంగా అడిగే ప్రశ్న. అక్కడ ఎవరి వర్తకం నిలిచింది, ఎందువల్ల నిలిచింది అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. దీనికి వేయి సంవత్సరాల చరిత్ర సమాధానం చెబుతున్నది.

ఉప్పు, బంగారం

స్పెయిన్‌కు చెందిన భూగోళ శాస్త్రవేత్త అల్ బక్రీ క్రీ.శ. 1068లో ఘానా రాజ్యాన్ని వర్ణించాడు. నేటి ఘానా దేశం వేరు. నాటి ఘానా నేటి మాలీ, మౌరిటానియా సరిహద్దు ప్రాంతంలో ఉండేది. రాజు ముస్లిం కాడు. అయినా అతని రాజధానిలో ముస్లిం వర్తకులకు ప్రత్యేకంగా ఒక పట్టణమే ఉండేది. అందులో 12 మస్జిదులు ఉండేవని అల్ బక్రీ వ్రాశాడు. గాడిద మోసే ఉప్పు బరువు ఒకటి రాజ్యంలోకి వస్తే ఒక దీనారు, బయటికి వెళితే రెండు దీనార్లు సుంకం. రాగి బరువుకు 5 మిస్‌ఖాళ్ళు. ఎంత చెల్లించాలో ముందే తెలిసినందువల్ల వర్తకుడు నష్టాలాభాలు లెక్క వేసుకొని ఎడారిని దాటగలిగేవాడు.

ఎడారి నడుమ తగాజాలో ఉప్పు గనులుండేవి. హి.శ. 753, అనగా క్రీ.శ. 1352లో ఆ దారిన ప్రయాణించిన ఇబ్నె బతూతా అక్కడ ఉప్పు పలకలతో కట్టి ఒంటె తోళ్ళు కప్పిన ఇండ్లను చూశాడు. ఒంటె బరువు ఉప్పు వలాతాలో 8 నుండి 10 మిస్‌ఖాళ్ళ బంగారం పలికితే, మాలీ రాజధానిలో 20 నుండి 30, ఒక్కొక్కప్పుడు 40 కూడా పలికేదట. ఇంత లాభమున్న చోట దోపిడీ కూడా ఉండాలి కదా! కాని ఆ రాజ్యంలో బాటసారికి దొంగల భయం లేదని ఆయన సాక్ష్యం. పరదేశి అక్కడ మరణిస్తే అతని ధనం ఎంత ఉన్నా ముట్టుకోక, విశ్వసనీయుని వద్ద ఉంచి, వారసుడు వచ్చినప్పుడు అప్పగించేవారట.

ఐదుగురు సోదరులు

ఈ వర్తకం ఎలా నడిచేదో తిలింసాన్‌కు చెందిన మఖ్ఖరీ కుటుంబ వృత్తాంతం చక్కగా తెలుపుతుంది. 13వ శతాబ్దికి చెందిన ఈ ఐదుగురు సోదరులు సమాన భాగస్వాములు. ఇద్దరు తిలింసాన్‌లో, ఒకరు సిజిల్మాసాలో, ఇద్దరు ఎడారికి ఆవల వలాతాలో ఉండేవారు. వలాతా సోదరులు అక్కడివారికి ఏమి కావాలో వ్రాసి పంపితే తిలింసాన్ సోదరులు ఆ సరుకు పంపేవారు. బదులుగా తోళ్ళు, ఏనుగు దంతాలు, కోలా గింజలు, బంగారం వచ్చేవి. నడుమ సిజిల్మాసాలో ఉన్నవాడు త్రాసు ముల్లు వలె రెండు వైపుల ధరల హెచ్చుతగ్గులను కనిపెట్టి కబురు పంపేవాడు.

వీరు సరుకు పంపి ఊరుకోలేదు. ఎడారి బాటలో బావులు త్రవ్వించారు. బిడారులకు రక్షణ ఏర్పాటు చేశారు. మాలీ రాజు వలాతాను జయించినప్పుడు పారిపోక, అతనిని ఆశ్రయించి స్నేహం సంపాదించి వర్తకం కొనసాగించారు. కొనుగోలుదారుని మధ్య నివసించడం, అతని అవసరాన్ని తెలుసుకోవడం, దారిని బాగుచేయడం - ఎగుమతి వర్తకునికి ఈ మూడింటిని మించిన శాస్త్రం నేటికీ లేదు.

కైరోలో జరిగిన మోసం

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. మాలీ సుల్తాన్ మన్సా మూసా హి.శ. 724, అనగా క్రీ.శ. 1324లో హజ్ యాత్రకు వెళుతూ కైరోలో విడిది చేశాడు. ఆయన పరివారం వెదజల్లిన బంగారం వల్ల దాని విలువే పడిపోయింది. అంతకు ముందు 25 దిర్హములకు తగ్గని మిస్‌ఖాల్ ఆ తరువాత 22 దాటలేదని, 12 సంవత్సరాలైనా అదే స్థితి అని అల్ ఉమరీ వ్రాశాడు.

అందరూ ఈ వైభవాన్నే చెప్పుకొంటారు. అల్ ఉమరీ నమోదు చేసిన మరొక విషయాన్ని మాత్రం తరచుగా మరచిపోతారు. మాలీ వారు ఎదుటివారి మాటను నమ్మేవారు. అది చూసి కైరో వర్తకులు ఒక దీనారు కూడా చేయని వస్త్రాన్ని ఐదు దీనార్లకు అంటగట్టారు. తరువాత మాలీ వారికి ఈ సంగతి తెలిసింది. ఆపైన ఈజిప్టువారంటేనే వారికి తేలిక భావం ఏర్పడింది. హజ్‌కు వెళుతున్న సోదర ముస్లింలనే ఈ విధంగా వంచించారు! కొలతలలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉన్నదన్న సంగతి ఆ అంగడిలో ఎవరికీ గుర్తు రాలేదు కాబోలు.

గవ్వ, గుడ్డ, మనిషి

పశ్చిమ ఆఫ్రికాకు హిందూ మహాసముద్రంతోనూ పాత సంబంధముంది. అక్కడ నాణెంగా చెల్లిన గవ్వలు మాల్దీవుల నుండి వెళ్ళినవే. మాల్దీవులలో ఖాజీగా పనిచేసిన ఇబ్నె బతూతా అక్కడ ఒక దీనారుకు 4 లక్షల గవ్వలు వచ్చేవనీ, మాలీలో 1,150 మాత్రమే వచ్చేవనీ వ్రాశాడు. తరువాతి శతాబ్దాలలో యూరపు కంపెనీలు ఈ గవ్వలనూ, కోరమండల్ తీరపు నూలు వస్త్రాలనూ ఓడలలో ఆఫ్రికాకు చేర్చాయి. నీలిమందు అద్దిన మన తీరపు గుడ్డ సెనెగల్ నది ఒడ్డున తుమ్మబంక కొనడానికి నాణెం వలె చెల్లింది. అయితే ఈ గవ్వలతో, ఈ గుడ్డలతో మనుషులను కూడా కొన్నారు. నేసినవానికి ఆ సంగతి తెలియదు, అమ్మినవానికి తెలుసు.

ఈ పాపం యూరపు వారిదే అని తప్పుకోవడానికి వీలులేదు. ఎడారి బిడారులలోనూ బానిసలు నడిచారు. ముస్లింలను సైతం పట్టి అమ్మిన వర్తకులున్నారు. టింబక్టూ పండితుడు అహ్మద్ బాబా 1615లో ఈ విషయంపై ఒక గ్రంథమే వ్రాశాడు. స్వతంత్రుడైన ముస్లింను బానిస చేయరాదని, నల్లని రంగు బానిసత్వానికి కారణం కానే కాదని అందులో వాదించాడు. బానిసత్వాన్ని ఆయన పూర్తిగా త్రోసిపుచ్చలేదు. అయినా లాభమే ధర్మమనుకునే వర్తకులను ఒక విద్వాంసుడు నిలదీశాడన్నది గమనింపదగినది.

నేటి వర్తకునికి

చీరాల పరిసరాలలో నేసిన గళ్ళ గుడ్డ "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" అనే పేరుతో నైజీరియాకు వెళ్ళేది. నైజర్ డెల్టాలోని కలబారి ప్రజలు దానిని ఇంజిరి అని పిలిచి, పుట్టుక, మరణ సంస్కారాలలో వాడుకున్నారు. ఆ పేరులోని "రియల్" అన్న మాట మరమగ్గాల నకళ్ళ నుండి దానిని వేరు చేసింది. కొనేవాడు అసలు, నకిలీ ఎరిగినవాడు.

ఇటీవలి అనుభవం కూడా ఇదే చెబుతుంది. భారత ప్రభుత్వం 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జూలైలో బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. స్వదేశంలో ధరలు అదుపు చేయడానికే ఆ పని చేసి ఉండవచ్చు. కాని నూకల అన్నం ప్రధాన ఆహారమైన సెనెగల్ వంటి దేశం మన సరఫరాను నమ్ముకొని ఉంది. తెల్ల బియ్యంపై నిషేధం 2024లో, నూకలపై 2025లో తొలగింది. నిషేధాన్ని ఒక ఉత్తర్వుతో తొలగించవచ్చు. సడలిన నమ్మకాన్ని ఉత్తర్వుతో తిరిగి తేలేము.

పశ్చిమ ఆఫ్రికాను కేవలం పెరుగుతున్న అంగడిగా చూచేవారు కైరో వర్తకుల దారిన పోతారు. ఆ ప్రజల అవసరాలను, మర్యాదను ఎరిగి, ఆడిన మాటపై నిలిచేవారికి మఖ్ఖరీ సోదరుల దారి ఉంది. ఐదు రెట్ల లాభం ఒక్కసారే వస్తుంది. త్రవ్వించిన బావి తరతరాలకు నీరిస్తుంది.