కెనడా అడవి నుంచి సౌత్ బ్రిడ్జ్ రోడ్డుకు

యూ యాన్ సాంగ్ సంస్థ 1910లో సింగపూర్ సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మందుల దుకాణం తెరిచింది. ఇక్కడి చైనా మందుల అంగళ్లలో కొరియా జిన్సెంగ్ పక్కనే అమెరికన్ జిన్సెంగ్ కూడా ఉంటుంది. చైనా వైద్యంలోకి అమెరికా వేరు ఎలా వచ్చింది? జవాబు 1718లో పారిస్‌లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో ఉంది. రచయిత జోసెఫ్ ఫ్రాన్స్వా లఫితో, కెనడాలోని జెసూట్ మతాచార్యుడు.

చైనా చక్రవర్తి కోసం పటాలు గీసిన పియేర్ జార్తూ 1711 నాటి లేఖలో ఈ మొక్కను వర్ణించి, అటువంటి అడవులే ఉన్న కెనడాలోనూ దొరకవచ్చునని ఊహించాడు. అది చదివిన లఫితో 1716లో మాంట్రియల్ సమీపాన మొక్కను 'కనుగొన్నాడు'. ఆ మాట నాకు రుచించదు. చూపగానే ఒక మోహాక్ స్త్రీ గుర్తుపట్టింది, అది వారు వాడే మందే.

ఆపైన దురాశ. అకాలంలో తవ్వి, పొయ్యిలలో హడావిడిగా ఎండబెట్టిన కెనడా సరుకు 1750లలో చైనాలో పరువు పోగొట్టుకుంది. అయినా 1784లో న్యూయార్క్ నుంచి కాంటన్‌కు వెళ్ళిన 'ఎంప్రెస్ ఆఫ్ చైనా' ఓడలో ప్రధానమైన సరుకు ఈ వేళ్ళే. నేడు ఒంటారియో, విస్కాన్సిన్ రైతులు పందిళ్ళ నీడన ఏళ్ళ తరబడి పెంచుతున్నారు. ఒకసారి పండిన నేలలో తిరిగి వేస్తే పంట సరిగా రాదు.

వార్ఫరిన్ వాడే రోగులను ఈ వేరు సంగతి విడిగా అడుగుతాను. అమెరికన్ జిన్సెంగ్ ఆ మందు ప్రభావాన్ని తగ్గించగలదు. వేరే మందులు వాడుతున్నారా అంటే లేదంటారు. సూపులో వేసుకున్నది మందని వారనుకోరు.