టైగర్ 131: ఎవరి గుండె ఎవరికి పెట్టారు?

పాత కోడ్‌ని బతికించడం ఎంత కష్టమో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రాసినవాడు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటాడు, డాక్యుమెంటేషన్ ఉండదు, ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట ఊడుతుంది. మరి 57 టన్నుల ఇనుముని అలా బతికించాలంటే? ఇంగ్లండులోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం వాళ్ళు చేసింది అదే. ట్యాంకు పేరు టైగర్ 131.

ముందు కొంచెం చరిత్ర. టైగర్-1 రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ వాడిన భారీ ట్యాంకు. 88 మిల్లీమీటర్ల ఫిరంగి, ఒక్కో పక్క ఒకదాని మీదకి ఒకటి ఎక్కినట్టుండే 24 చక్రాలు. లోపలి చక్రం పాడైతే దాన్ని చేరడానికి బయటివన్నీ వరసగా విప్పుకోవాలి. (డిపెండెన్సీలంటే ఇవీ!) కాసెల్ నగరంలో హెన్షెల్ కంపెనీ వీటిని మొత్తం 1,347 చేసింది. ఇప్పుడు మిగిలినవి పది కూడా లేవు. 131 అంటే సీరియల్ నంబరు అనుకునేరు, కాదు. 1వ కంపెనీ, 3వ ప్లటూను, 1వ ట్యాంకు అని లెక్క.

ఇది బ్రిటిష్ వాళ్ళ చేతికి చిక్కింది 1943 ఏప్రిల్ 24న, ట్యునీషియాలో, పాయింట్ 174 అనే కొండ దగ్గర. చర్చిల్ ట్యాంకులు పేల్చిన గుండ్లలో ఒకటి ఫిరంగి గొట్టానికి తగిలి జారి, టరెట్ కిందకి దూరి ఇరుక్కుంది. టరెట్ తిరగడం ఆగిపోయింది. రెండోది తగిలాక ఫిరంగి పైకీ కిందకీ కదల్లేదు. బండి నడిచే స్థితిలోనే ఉన్నా, లోపలివాళ్ళు గాయపడినవాళ్ళని తీసుకుని దిగి పారిపోయారు. తమాషా ఏంటంటే, చాలా ఏళ్ళపాటు పుస్తకాల్లో ఇది ఏప్రిల్ 21న, జెబెల్ జాఫా అనే వేరే చోట దొరికిందని ఉండేది. ఆ కొండ మీద పోరాడిన ఒక సైనికుడి కొడుకు తండ్రి చెప్పిన కథ పట్టుకుని తవ్వితే అసలు సంగతి బయటపడింది. రికార్డుల్లో ఉన్నంత మాత్రాన నిజం కాదన్నమాట!

తర్వాత విరిగిపోయిన వేరే టైగర్ల నించి భాగాలు తెచ్చి దీన్ని బాగుచేశారు. ట్యూనిస్‌లో చర్చిల్, ఆరో జార్జి రాజు వచ్చి చూశారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండు చేరింది. అక్కడి ఇంజనీర్లు విప్పి, కొలిచి, పరీక్షించారు. శుద్ధ రివర్స్ ఇంజనీరింగ్. 1951లో మ్యూజియంకి ఇచ్చేశారు.

అసలు మరమ్మతు 1990లో మొదలైంది. దాదాపు పూర్తిగా విప్పేశారు. పెద్ద చిక్కు ఇంజను దగ్గరొచ్చింది. దీని సొంత ఇంజను మేబాక్ హెచ్ఎల్-210ని, లోపలి భాగాలు కనబడేలా ఎప్పుడో కోసేసి ప్రదర్శనకి పెట్టారు. దాంతో మ్యూజియంలోనే ఉన్న కింగ్ టైగర్ నించి హెచ్ఎల్-230 తీసి ఇందులో పెట్టారు. పాతది 21 లీటర్లు, అల్యూమినియం బ్లాకు. కొత్తది 23 లీటర్లు, పోత ఇనుము బ్లాకు. టైగర్లకి హెచ్ఎల్-230 రావడం 250 ట్యాంకులు తయారయ్యాకే మొదలైంది. మన 131 అంతకుముందుదే. అంటే ఇది ఎప్పుడూ మోయని గుండెని ఇప్పుడు మోస్తోంది. ఇంజను గదిలో మంటలార్పే కొత్త ఏర్పాటు కూడా చేర్చారు. 2003 డిసెంబరులో నడిచే స్థితిలో మ్యూజియంకి తిరిగొచ్చింది. రంగులతో సహా పని పూర్తయ్యేసరికి 2012. మొత్తం ఖర్చు 80,000 పౌండ్లు. 2014లో వచ్చిన ఫ్యూరీ సినిమాలో కనబడే టైగర్ ఇదే.

ఇక్కడే నా గొడవ. ఒకదాన్ని నడిపించడానికి ఇంకోదాని గుండె పీకడం న్యాయమా? నడిచినకొద్దీ అరుగుతుంది కదా, అరిగిన పళ్ళ చక్రం ఎక్కడ దొరుకుతుంది? కదలకుండా ఉంచితే పాడవదు, నిజమే. కానీ యంత్రం అన్నాక దాని చప్పుడు, పొగ, నేల అదరడం కూడా చరిత్రే. ఎదురుగా ఇది వస్తుంటే కందకంలో ఉన్నవాడికి ఎలా ఉంటుందో అద్దాల వెనక నిశ్శబ్దంగా నిలబెట్టిన ట్యాంకు చెప్పలేదు. అందుకే ఏడాదికి ఒకటి రెండుసార్లు, కాసేపే నడిపితే తప్పు లేదని నా అభిప్రాయం.

నాకు బాగా నచ్చిందేంటంటే, ఇన్ని మార్చినా గుండ్లు తగిలిన గాట్లని మాత్రం పూడ్చలేదు. అవి పూడ్చేసి ఉంటే అది 131 అయ్యేది కాదు, తళతళలాడే బొమ్మయ్యేది. ఇంకోమాట. దాన్ని చూసి మురిసిపోయేవాళ్ళు చాలామందే ఉన్నారు. హెన్షెల్ ఫ్యాక్టరీలో వెట్టిచాకిరీ చేసిన విదేశీయుల్నీ, ఆ ఫిరంగి ఎవరి కోసం పేలిందో దాన్నీ మర్చిపోతే, మనం బాగుచేసింది ఇనుముని మాత్రమే, చరిత్రని కాదు.

మనకీ ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. పాతదాన్ని మార్చక తప్పదు. ఏం మార్చామో, ఎందుకు మార్చామో రాసిపెట్టాలి. దెబ్బల్ని దాచకూడదు. మీరైతే ఆ కింగ్ టైగర్ ఇంజనుని పీకేవారా?