ఒకే నమూనా, రెండు పోతలు

షెడ్డు తలుపు తీయగానే డీజిలు వాసన మొహానికి కొడుతుంది. లోపల రెండు ఆయిల్ ఇంజన్లు పక్కపక్కనే సిమెంటు దిమ్మెల మీద బిగించి ఉన్నాయి. రెండూ ఆకుపచ్చవే. రెండింటికీ చెరో పక్క ఆకుల ఫ్లైవీళ్లు. ఎడమ పక్కది ఇంగ్లండులో, గ్లోస్టర్‌షైర్‌లోని డర్‌స్లీ అనే చిన్న ఊళ్లో లిస్టర్ కంపెనీ చేసిన సీఎస్ ఇంజను. కుడి పక్కది రాజ్‌కోట్ నుంచి వచ్చిన కొత్త సరుకు, పాతదాన్ని చూసి చేసిన నకలు. ఆరు హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు, నాలుగున్నర అంగుళాల బోరు, ఐదున్నర అంగుళాల స్ట్రోకు. కొలతలు ఒకటే. దూరం నుంచి చూస్తే ఏది ఏదో మీరు చెప్పలేరు.

"ముందు పాతదాన్ని తిప్పండి" అంటూ మెకానిక్కు హ్యాండిలు మీ చేతికిస్తాడు. "బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచండి. చుట్టి పట్టుకుంటే, ఎదురు తన్నినప్పుడు వేలు పోద్ది."

ఫ్యూయెల్ పంపు లీవరును నాలుగైదు సార్లు ఎత్తి దించుతారు. ఇంజెక్టర్ కిర్రుమంటుంది. అంటే డీజిలు అందింది. సిలిండరు హెడ్డు పక్కనున్న చిన్న చేతి చక్రాన్ని లోపలికి బిగిస్తారు. వాల్వు లిఫ్టరు ఎత్తిపెట్టి హ్యాండిలు తిప్పడం మొదలుపెడతారు. మొదటి చుట్టు బరువు. మూడో చుట్టుకి చక్రాలే మీ చేతిని లాక్కుపోతాయి. ఇప్పుడు లిఫ్టరు వదలాలి. వదిలారు. ఒక్క క్షణం చేతికి గోడ అడ్డం వచ్చినట్టుంటుంది, అంతలోనే "డుబ్!" హ్యాండిలు తనంతట తానే ఊడి వస్తుంది. డుబ్... డుబ్... డుబ్. వేగం అందుకున్నాక సెకనుకు ఐదు దెబ్బలకు పైగానే పడతాయి. అయినా తొందర పడుతున్నట్టు ఉండదు.

చల్లగా ఉన్న ఇంజను ఇలా చేతి బలంతో అందుకోవడం 1930 ప్రాంతంలో పెద్ద సంగతి. అంతకు ముందు రైతుల దగ్గరున్న హాట్ బల్బు ఇంజన్లకి తలకాయను బ్లోల్యాంపుతో బాగా కాచితే తప్ప పని మొదలయ్యేది కాదు. సీఎస్ అంటేనే కోల్డ్ స్టార్ట్. ఆ మహిమ మీరు ఇందాక బిగించిన చిన్న చక్రంలో ఉంది. దాన్ని బిగిస్తే హెడ్డులోని ఒక అదనపు గది మూసుకుపోతుంది. పిస్టన్ పైన గాలి మరింత నలిగి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. లోడు బాగా పడ్డాక చక్రాన్ని వదులు చేస్తే కంప్రెషన్ తగ్గి ఇంజనుకి శ్రమ తగ్గుతుంది. ఇంత ఆలోచించి చేసిన పనిముట్టంటే నాకు గౌరవం.

కుడి దానికి ఆ చక్రమే లేదు. హెడ్డు బోడిగా ఉంది, డీజిలు నేరుగా పిస్టన్ నెత్తి మీదే చిమ్ముతుంది. స్టార్టు చేయండి. ఇదీ అందుకుంటుంది, నిజానికి ఇంకా తేలిగ్గా. కానీ దెబ్బ మోటు, గట్టి నేల మీద గునపం వేసినట్టు. దిమ్మె బోల్టు మీద అరచెయ్యి పెట్టండి. మోచేతి దాకా వణుకు పాకుతుంది.

రెండింటినీ ఆపి, మెకానిక్కు సుద్దముక్క తీస్తాడు. దాన్ని ఒక చెక్క మీద ఆనించి పాతదాని చక్రం అంచు దగ్గర పట్టుకుని, మిమ్మల్ని చేత్తో మెల్లగా తిప్పమంటాడు. చక్రం చుట్టూ సన్నటి తెల్లగీత, ఎక్కడా తెగకుండా పడుతుంది. కొత్తదాని దగ్గర సుద్ద సగం చుట్టే గీసి, మిగతా సగం గాలిలో ఉంటుంది. చక్రం ఒరిగి ఉంది.

ఆ తర్వాత క్రాంక్‌కేసు పక్క తలుపు విప్పి టార్చి వేస్తాడు. "వేలు పెట్టి చూడండి." మూలలో రంగు కింద గరుకు తగులుతుంది. గోటితో గీకితే రంగు పెచ్చు ఊడి, వేలి కొసన నాలుగు రవ్వలు మెరుస్తాయి. పోత ఇసుక. ఈ ఇంజన్లో క్రాంకుతో పాటు తిరిగే చిన్న డిప్పరు ఆయిలును కొట్టి లోపలంతా చిందిస్తుంది, లూబ్రికేషన్ అంతా అదే. ఆ ఆయిల్లో ఇసుక కలిసిందా, బేరింగులూ లైనరూ అరిగిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక్కడే చాలామంది నకలును తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. నమూనా ఒకటే, ఇనుమూ మరీ నాసిరకం కాదు. డర్‌స్లీలో ఫ్యాక్టరీ చేసి పంపిన చివరి పనిని రాజ్‌కోట్ కొన్నవాడికి వదిలేసింది, ఆ మేరకు ధర తగ్గించింది. కరెంటు రాని పొలాల్లో మోటబావుల స్థానంలో పంపులు తిరిగినా, పల్లెల్లో పిండిమరలు ఆడినా, ఆ ధరకే సాధ్యమైంది. ఇంగ్లండులో 1980ల్లో ఈ ఇంజను తయారీ ఆగిపోయాక కూడా గుజరాత్ పోతపని వాళ్లు దాన్ని చేస్తూనే ఉన్నారు.

మెకానిక్కు కొత్తదాన్ని పూర్తిగా విప్పేశాడు. లోపలి రంగంతా గీకి, కిరసనాయిలుతో కడిగి, తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డకి మరక అంటనిదాకా మళ్లీ తుడిచాడు. చక్రాల కీలు మళ్లీ కుదిర్చి, సుద్దగీత చుట్టూ పడేదాకా సరిచేశాడు. బేరింగు షిములు మార్చాడు. ఇప్పుడు తిప్పండి. దెబ్బ ఇంకా మోటే, అది హెడ్డు తత్వం, పోదు. కానీ బోల్టు మీద చెయ్యి పెడితే వణుకు మణికట్టు దాటదు.

"పాతదానికి పిస్టన్ రింగులు ఎక్కడివి?" అని అడుగుతారు మీరు.

"ఇంకెక్కడివండీ, రాజ్‌కోట్‌వే" అంటాడు. గూట్లోంచి కాగితంలో చుట్టిన రింగుల పొట్లం తీసి చూపిస్తాడు. "కాకపోతే ఉన్నవున్నట్టు వెయ్యను." ఒక రింగును లైనర్లోకి దించి, కొసల మధ్య సందులోకి ఫీలర్ గేజి దూరుస్తాడు. రేకు బిగుసుకుంటుంది. రింగు బయటికి తీసి, సన్న ఆకురాయితో రెండు రాపిడులు పెట్టి, మళ్లీ దించి కొలుస్తాడు.