కూడలిలో పొగ, నోట్లో ఈల

1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు దగ్గర తొలి ట్రాఫిక్ సిగ్నల్ వెలిసింది. దాని దీపాలు గ్యాస్‌తో వెలిగేవి, పక్కనే నిలబడి నడిపేది పోలీసు. మరుసటి నెలలోనే గ్యాస్ లీకై పేలింది, పోలీసు గాయపడ్డాడు.

ఆ ముప్పు కనీసం కంటికి కనిపించింది. 1923లో అమెరికాలో అమ్మకానికొచ్చిన సీసం కలిపిన పెట్రోలు అలా కాదు. ఇంజన్ సాఫీగా నడిస్తే చాలనుకున్నారు, సీసం ఎవరి ఒంట్లోకి పోతుందో పట్టించుకున్నవాళ్లు తక్కువ. భారతదేశమంతటా అది ఆగింది 2000లో. అప్పటిదాకా కూడలిలో డ్యూటీ చేసిన ట్రాఫిక్ పోలీసులంతా దాన్ని పీల్చినవాళ్లే.

సీసం పోయినా పొగ పోలేదు. మన నగరాల్లో తిరిగిన టూ స్ట్రోక్ ఆటోల్లో ఆయిల్ పెట్రోలుతో కలిసే మండేది, కొంత ఇంధనం మండకుండానే సైలెన్సర్లోంచి బయటికొచ్చేది. పైగా కిరోసిన్ కల్తీ! పచ్చలైటు పడగానే నీలిపొగ ఒక్కసారిగా లేచేది. ఢిల్లీలో సుప్రీంకోర్టు 1998లో ఆదేశిస్తే తప్ప సిటీ బస్సులు సీఎన్‌జీకి మారలేదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది 2012లో.

ఇక ట్రాఫిక్ పోలీసు మాస్కు సంగతి. జేబురుమాలు కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుందేమో గానీ, పీఎం 2.5 లాంటి సన్నని రేణువులు పెద్దగా ఆగవు. ఎన్95 ఆపుతుంది. కానీ ఈల ఊదాలంటే మాస్కు దించాలి, నోటితో గట్టిగా గాలి పీల్చాలి. ముక్కు చేసే కాస్త వడపోత కూడా అప్పుడు ఉండదు. మే నెల ఎండలో, హైదరాబాద్‌లోని పంజాగుట్ట లాంటి కూడలిలో, ఆ మాస్కు సాధారణంగా గడ్డం కిందే ఉంటుంది.